లీనియర్ తగిలించబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీవు హామ్ రేడియో (సరదాకు రేడియోలో ఒకరితో ఒకరు మాట్లాడుకునే హామ్‌ల విద్య) జనరల్ గ్రేడు లైసెన్సు సంపాదించావనీ, మూడు 811ఎ వాల్వులున్న పాత లీనియర్ (రేడియో పవరును పెంచే పెట్టె) ఒకటి కొని విశాఖలో మీ మేడమీది గదికి చేర్చావనీ చెల్లాయి నిన్న ఫోనులో చెప్పింది. సాయంత్రమంతా వీధిలో కనిపించిన వారందరికీ నీ సంగతే చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఆ పెట్టెలో 1,500 వోల్టులు ఉంటాయని మీ అమ్మకు తెలియదు, నాకు తెలుసు.

ట్యూనింగ్ నీకు పెద్ద పని కాదు. యాంటెన్నా బదులు పవరును వేడిగా మింగేసే డమ్మీ లోడ్ తగిలించి, రిగ్ (రేడియో సెట్టు) పవరు తగ్గించి, ప్లేట్ నాబ్‌తో అవుట్‌పుట్‌ను గరిష్ఠానికి తెచ్చి, లోడ్ నాబ్ కాస్త కదిపి మళ్ళీ ప్లేట్ సవరించుకుంటూ, ఇక పెరగదనిపించే వరకు ఆ రెండింటి మధ్యే తిరగాలి. అయిదారు సెకన్లకు మించి కీ నొక్కి ఉంచకు. వాల్వుల గ్రిడ్ కరెంటు ఎగబాకితే డ్రైవ్ (రిగ్ నుంచి వచ్చే పవరు) తగ్గించి లోడింగ్ పెంచు. ఆ మూడు వాల్వులూ 600 వాట్లు ఇవ్వగలవు కానీ మన లైసెన్సు ఇచ్చింది 400 వాట్లే. ఆ గీత దాటకు.

ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి పవరు ఎంత తిరిగివస్తుందో చూపే అంకె) సంగతి వేరు. మీటరు 1.5 చూపిస్తే తిరిగివచ్చే పవరు నూటికి 4 వంతులు, 2 చూపిస్తే 11, 3 చూపిస్తే 25. కనుక 1.5ను 1.1 చేయాలని పిట్టగోడ ఎక్కి వేలాడవద్దు. అవతల వినేవారికి ఆ తేడా తెలియనే తెలియదు. నీ తీగ యాంటెన్నా, ఆ 66 అడుగుల డైపోల్‌ను 7.000, 7.100, 7.200 మెగాహెర్ట్జ్‌ల దగ్గర కొలిచి చూడు. బ్యాండు కింది కొసన తక్కువ వస్తే తీగ పొడవైందని, పై కొసన తక్కువ వస్తే పొట్టిదైందని అర్థం. నన్ను భయపెట్టేది, ఎక్కడ కొలిచినా కదలకుండా నిలిచే తక్కువ అంకె.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమను ఊడ్చిన తుపానుకు ఇక్కడ కాకినాడలోనూ కరెంటు, ఫోన్లు పోయాయి. మర్నాడు తెగిన డైపోల్‌ను తిరిగి కట్టి, 100 వాట్ల రిగ్‌ను కారు బ్యాటరీకి తగిలించి మీటరు చూస్తే 1.2 వచ్చింది. బ్యాండు ఈ కొస నుంచి ఆ కొస దాకా 1.2యే. ఎంత చక్కగా కట్టానో అని మురిసిపోయాను తప్ప, తుపానుకు ముందు కొసల దగ్గర 1.8 చూపించిన యాంటెన్నా ఒక్క రాత్రిలో ఇంత బుద్ధిమంతురాలు ఎలా అయిందని ఆలోచించలేదు. హైదరాబాదు హామ్‌ల మాటలు స్పష్టంగా వినిపిస్తున్నాయి. వేటకు వెళ్ళిన పడవల వాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళు మన గుమ్మంలో నిలబడి పేర్లు చెబితే, ఆ పేర్లన్నీ మైకులో చదివాను. జవాబు రాకపోతే అటువైపు రద్దీ ఎక్కువేమో అనుకుని, "పంపించానమ్మా, వెళ్ళండి" అని వాళ్ళతో చెప్పాను. రెండు రోజులు అలాగే చెప్పాను.

మూడో రోజు ఊళ్ళోని మరో హామ్ వచ్చి, రిగ్ నుంచి పైకి వెళ్ళే కేబులు పై కొసను డైపోల్ నుంచి విప్పించి మీటరు చూడమన్నాడు. తీగే లేనప్పుడు ముల్లు కుడి చివరకు కొట్టుకోవాలి. అప్పుడూ 1.2 దగ్గరే ఉంది! వేసవిలో ఆ జాయింటుకు నేను ఉత్త ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేశాను. దానిలోంచి నీరు దిగి కేబులు లోపలి జడతీగ నల్లబడిపోయింది. వెళ్ళే పవరూ, తిరిగివచ్చే పవరూ కేబులులోనే వేడెక్కి హరించుకుపోతుంటే మీటరుకు కనిపించేదేముంది? 100 వాట్లలో తీగకు చేరింది 10 వాట్లు. 7 మెగాహెర్ట్జ్‌లో ఆకాశపు రొద ఎక్కువ కనుక వినడానికి ఆ నష్టం అడ్డు రాలేదు. కేబులు మార్చగానే తొలి పిలుపుకే హైదరాబాదు పలికింది. ఆ పేర్లన్నీ మళ్ళీ మొదటి నుంచి చదివాను. గుమ్మంలోని వాళ్ళకు మాత్రం ఆ మాట చెప్పలేకపోయాను.

అప్పుడు నా దగ్గర లీనియర్ ఉండి ఉంటే 400 వాట్లూ పోసి, 40 వాట్లు పంపుతూ, మిగిలినదంతా కేబులు కాగడానికి ఇచ్చేవాణ్ణి. కనుక ముందు పై కొస విప్పి ముల్లు ఎటు పోతుందో చూడు. జాయింటుకు తనంతట తాను అతుక్కునే రబ్బరు టేపు చుట్టి, దానిపైన మామూలు టేపు వేసి, కేబులును ఒక వంపు కిందికి దించి గోడకు కట్టు. సముద్రపు గాలి మీ ఊళ్ళోనూ ఉప్పగానే ఉంటుంది.

ఇక ఆ పెట్టె మూత. నీ తొందరపాటు చిన్నప్పటి నుంచి ఎరుగుదును కనుక కోపంగానే వ్రాస్తున్నాను. గోడ నుంచి ప్లగ్గు పీకకుండా, హైవోల్టేజి మీటరు సున్నాకు దిగకుండా, ఆపైన పది నిమిషాలు ఆగకుండా, ఎర్తు తీగ కట్టిన పొడవాటి ఇన్సులేటెడ్ కర్రతో కండెన్సర్లను షార్ట్ చేయకుండా దాని మీద చెయ్యి వేయవద్దు. కండెన్సర్ల చార్జీని హరించే బ్లీడరు రెసిస్టరు కాలిపోతే ప్లగ్గు పీకినా చార్జీ నిలిచే ఉంటుంది. గాజులు, ఉంగరం తీసిపెట్టు. ఎడమ చెయ్యి వీపు వెనక ఉంచుకో. ఇంట్లో ఎవరూ లేనప్పుడు అసలు తెరవకు. ఈ ఒక్క కాగితం మీ అమ్మకు చూపించవద్దు తల్లీ, ఆవిడ భయపడుతుంది.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి 7.100 దగ్గర వింటూ ఉంటాను. మొదటిసారి లీనియర్ లేకుండానే పిలువు.

ఇట్లు,
మీ మామయ్య