అమ్మ నడకకు ఎందుకు రానంటోంది?

"మాది సూర్యాపేట దగ్గర పల్లె. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. మియాపూర్‌లో తొమ్మిదో అంతస్తులో ఉంటాం. నాన్న పోయి రెండేళ్లవుతోంది. దినాలు కాగానే పొలం కౌలుకిచ్చి, ఊళ్లోనే ఒకాయనకు బర్రెలు అమ్మేసి, అమ్మను నా దగ్గరకు తెచ్చుకున్నాను. వచ్చినప్పటి నుంచి అమ్మ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడదు. తెల్లవారుజామున మూడింటికే లేచి బాల్కనీలో కూర్చుంటుంది. తిండి కూడా తగ్గింది. మా ఆవిడకూ అమ్మకూ అంతగా పొసగదు. అయినా మా ఆవిడే వెతికి, ఆదివారాలు ప్రకృతి నడకలకు తీసుకెళ్లే ఒక బృందంలో అమ్మను చేర్పించింది. నెమ్మదిగా నడుస్తారు, చెట్లూ పిట్టలూ చూపిస్తారు, అందరూ కలిసి టిఫిన్ చేస్తారు. మొదటిసారి క్యాబ్ బుక్ చేసి పంపాం. ఇంటికొచ్చాక చీర కుచ్చిళ్లకు అంటుకున్న ఉత్తరేణి గింజలు ఒక్కొక్కటే తీస్తూ చాలాసేపు కూర్చుంది. ఎలా ఉందని అడిగితే 'చెట్ల పేర్లు నాకే చెప్తున్నరు బిడ్డా' అంది. మళ్లీ వెళ్లనంటోంది. ఆరు నెలల ఫీజు ముందే కట్టాం. అమ్మను ఎలా ఒప్పించాలి?"
– ఒక కొడుకు, హైదరాబాద్

బాబూ, ఒప్పించొద్దు. కట్టిన ఫీజు పోతే పోనివ్వండి. మీరు అడిగినదానికి నా జవాబు ఇంతే. మీరు అడగని సంగతి ఒకటి ఉంది, దాని గురించి మాట్లాడదాం.

పైన అచ్చువేసింది మీ ఉత్తరంలో కొంత భాగమే. అసలు ఉత్తరంలో ఆ నడక బృందం గురించి పేజీన్నర రాశారు. మీ ఆవిడకూ అమ్మకూ మధ్య వచ్చే చిన్న చిన్న గొడవల గురించి ఇంకో పేజీ. బర్రెలు అమ్మిన సంగతి మాత్రం ఒక్క మాటలో, కౌలు సంగతికీ అమ్మను తెచ్చుకున్న సంగతికీ మధ్యలో పెట్టి దాటేశారు. నేను అక్కడే ఆగిపోయాను. అమ్మే ముందు అమ్మను అడిగారా? అడిగి ఉంటే ఆ మాట తప్పకుండా రాసేవారు.

పాడి ఉన్న ఇంట్లో పుట్టి పెరిగినవారు మీరు. పొద్దున లేస్తే పేడ తీయడం, కుడితి పెట్టడం, పాలు పిండడం, మేత వేయడం, ఈ పనులన్నీ ఎవరి చేతుల మీద నడిచాయో మీకు తెలుసు. మనిషి పోయిన ఇంట్లో దుఃఖం ఉన్నా, దొడ్లో బర్రె అరిస్తే లేవక తప్పదు. ఆ లేవడమే మనిషిని నిలబెడుతుంది. మీ అమ్మకు అదీ లేకుండా పోయింది. దినాలకు వచ్చిన చుట్టాలు ఇంకా పూర్తిగా కదలనైనా లేదు, పలుపుతాడు ఇంకొకరి చేతికి వెళ్లింది. భర్తతో పాటు ఇల్లు, పొలం, పశువులు, అరుగు మీద కూర్చుని మాట్లాడే ఇరుగుపొరుగు, అన్నీ ఒకే నెలలో పోయాయి. అందులో ఒక్కటి కూడా ఆమెను అడిగి చేసింది కాదు.

మీరు చెడ్డ కొడుకని నేను అనడం లేదు. ఒంటరిగా ఊళ్లో ఎలా వదిలేస్తామని భయపడ్డారు, తొందరపడ్డారు. తండ్రి పోయిన దుఃఖంలో మగపిల్లలు చాలామంది ఇలాగే పనుల్లో పడిపోతారు. కాగితాలు, బ్యాంకు, కౌలు, అమ్మకం... చకచకా తేల్చేస్తే బాధ కూడా తేలిపోతుందనుకుంటారు. కానీ మీ నాన్న గురించి మీరూ మీ అమ్మా కూర్చుని ఒక్కసారైనా మాట్లాడుకున్నారా? అంత పెద్ద ఉత్తరంలో ఆయన గురించి ఉన్నది ఒక్క వాక్యం, "నాన్న పోయి రెండేళ్లవుతోంది" అని. మీ ఇంట్లో అసలు చిక్కు మీకూ మీ అమ్మకూ మధ్య ఉంది. అత్తాకోడళ్ల సంగతి దాని తర్వాతే.

మీ ఆవిడ గురించి కూడా ఒక మాట చెప్పాలి. పొసగదని మీరే అంటున్నారు. అయినా అత్తగారు నాలుగు గోడల మధ్య చిక్కిపోతోందని గమనించింది ఆమె, వెతికి ఒక దారి చూసింది ఆమె. ఆ దారిలో లోపం ఉండొచ్చు, మనసులో మాత్రం లోపం లేదు. ఈ విషయంలో ఆమెను ముద్దాయిని చేయకండి. భర్త తన తల్లితో మనసు విప్పి మాట్లాడని ఇంట్లో ఆ మౌనం బరువంతా కోడలి మీదే పడుతుంది. ఇది నేను ఎన్నో ఇళ్లలో చూశాను.

ఇక ఆ ఆదివారం నడక సంగతికి వద్దాం. "చెట్ల పేర్లు నాకే చెప్తున్నరు" అన్న మాటను మీరు పల్లెటూరి మొండితనం అనుకున్నట్టున్నారు. ఒక్కసారి ఆమె వైపు నుంచి చూడండి. ఉత్తరేణి పుల్లతో పళ్లు తోముకున్న మనిషి. వినాయక చవితికి తుమ్మికూర వండిన మనిషి. మోదుగాకులు కోసుకొచ్చి విస్తర్లు కుట్టిన మనిషి. బతుకమ్మకు గునుగు, తంగేడు కోసం గట్లంట తిరిగిన మనిషి. తీతువు పిట్ట నేల మీదే గుడ్లు పెడుతుందని, అటు పోతే నెత్తి మీద తిరుగుతూ అరిచి గోల చేస్తుందని ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అంత తెలిసిన మనిషిని తీసుకెళ్లి, మెడలో బైనాక్యులర్లు వేసుకున్న పిల్లాడి ముందు నిలబెట్టి, ఇది తంగేడు అని చెప్పిస్తే ఏమనిపిస్తుంది? ఆ పిల్లాడి తప్పేమీ లేదు, అతను తన పని శ్రద్ధగా చేశాడు. ఆమెకు ఏం తెలుసో అక్కడ ఒక్కరికీ చెప్పకుండా క్యాబ్ ఎక్కించి పంపింది మీరు.

మీరు ఉత్తరం చివర్లో ఇంకో సంగతి రాశారు, అది చిన్న విషయం కాదు. మొదట అందరూ గుండ్రంగా నిలబడి పేరు, ఊరు, ఏం చేస్తుంటారు, ఇంట్లో ఎవరెవరు ఉంటారు అని చెప్పుకున్నారట. మీ అమ్మ వంతు వచ్చేసరికి తల దించుకుని ఊరుకుందని నిర్వాహకులు మీకు ఫోన్ చేసి చెప్పారట. ఊరుకోక ఏం చెబుతుంది? ఏం చేస్తుంటారు అంటే చెప్పడానికి బర్రెలు లేవు, సేద్యం లేదు. ఇంట్లో ఎవరుంటారు అంటే ఆయన లేరు. నుదుట బొట్టు లేకుండా ముప్పైమంది కొత్తవాళ్ల మధ్య నిలబడటమే మనవైపు ఆడవాళ్లకు ఎంత కష్టమో మీకు నేను చెప్పనక్కర్లేదు. అక్కడ అందరికీ సరదాగా గడిచిన ఆ నాలుగు నిమిషాలు ఆమెకు పరీక్షగా మారాయి.

ఇంత చెప్పినా, అలాంటి నడకలంటే నాకు చాలా ఇష్టం. పొద్దున్నే కేబీఆర్ పార్కులో చేతులూపుకుంటూ రౌండ్లు కొట్టే నడక వేరు, అది ఒంటికి మంచిది. ఇక్కడ వేగం లెక్కలేదు. ఒక పుట్ట దగ్గర పది నిమిషాలు ఆగినా ఎవరూ తొందరపెట్టరు. జపాన్ అటవీశాఖ 1982లోనే జనాన్ని అడవుల్లో ఊరికే నెమ్మదిగా తిరగమని ప్రోత్సహించింది, ఆరోగ్యానికి మంచిదని. మనకు కార్తీక వనభోజనాలు ఉండనే ఉన్నాయి. పక్కపక్కన నడిచేటప్పుడు ఒకరి మొహం ఒకరు చూడాల్సిన అవసరం ఉండదు. ఎదురెదురుగా కూర్చుని "ఎందుకమ్మా అలా ఉన్నావు" అంటే ఏమీ లేదనే మనిషి, కళ్లు దారి మీద పెట్టి నడుస్తున్నప్పుడు మెల్లగా మాట కలుపుతుంది. మధ్యలో మౌనం వచ్చినా ఇబ్బందిగా ఉండదు. తోడు కావాలి కానీ ప్రశ్నలు వద్దు అనుకునే మనుషులకు ఇంతకంటే మంచి పద్ధతి లేదు. మీ అమ్మ అలాంటి మనిషే. ఆమె వద్దంటోంది ఒంటరిగా గుంపులో నిలబడటాన్ని. చెట్టూ పిట్టా మీద ఆమెకు ఏ కోపమూ లేదు.

తల్లికి కాలక్షేపం కొనివ్వడం వేరు, తల్లితో కాలం గడపడం వేరు. ఈ ఒక్క విషయంలో నేను ఎవరికీ సర్దిచెప్పను. ఆదివారం పొద్దున మీరు నిద్రపోతూ అమ్మను క్యాబ్‌లో పంపడం బాధ్యత తీర్చుకోవడం కాదు. వారమంతా ఆఫీసు టెన్షన్ ఉంటుంది, నిజమే. మీ నాన్నకూ వడ్డీల టెన్షన్, వానల టెన్షన్ ఉండే ఉంటాయి. అయినా ఆయన ఆ ఇంట్లో మీ అమ్మతో రోజూ నాలుగు మాటలు మాట్లాడేవారు. ఆ మాటలు ఆగిపోయాయి. వాటి లోటు మీరు పూర్తిగా తీర్చలేరు, కొంతైనా తీర్చాల్సింది మాత్రం మీరే.

ముందు చేయాల్సింది ఒకటుంది. తిండి తగ్గిందని రాశారు కాబట్టి ఈ వారంలోనే డాక్టరుకు చూపించండి. బీపీ, షుగర్, రక్తం, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. మనసు బాగోకపోవడం కూడా జబ్బే అని డాక్టరు అంటే, మానసిక వైద్యుల దగ్గరకు వెళ్లడానికి వెనకాడకండి. ఏ నడకా మందుకు బదులు కాదు. మూడింటికే లేవడం మాత్రం కొంతవరకు పాత అలవాటు. పాలు పిండే వేళ దగ్గరపడుతున్న గంట అది. ఒక రోజు మీరూ ఆ వేళకు లేచి, టీ పెట్టి తీసుకెళ్లి ఆమె పక్కన కూర్చోండి. సలహాలు ఇవ్వకండి. నిద్ర పట్టలేదా అని కూడా అడగొద్దు.

ఆ తర్వాత ఒక శనివారం అమ్మను తీసుకుని ఊరికి వెళ్లండి. మీరిద్దరే. పిల్లల్ని, మీ ఆవిడను ఇంకోసారి తీసుకెళ్లొచ్చు. తాళం తీసి ఇల్లు ఊడ్చుకోనివ్వండి, అడ్డుపడొద్దు. పొలం గట్టు మీద ఆమె ముందు, మీరు వెనక నడవండి. బర్రెలు కొన్నాయన ఊళ్లోనే ఉన్నాడన్నారు కదా, ఆయన దొడ్డి దాకా కూడా వెళ్లండి. ఆమె ఏడిస్తే ఏడవనివ్వండి. అక్కడే చెప్పండి, "నిన్ను అడగకుండా అమ్మిన, తప్పయింది అమ్మా" అని. నేనిలా అనుకున్నాను, నా పరిస్థితి ఇది అంటూ వివరణలు మొదలుపెట్టకండి. తప్పయింది అన్నచోట ఆగిపోండి. ఆమె "పోనీ తియ్ బిడ్డా" అనే అంటుంది. తల్లులు అలాగే అంటారు. అన్నంత మాత్రాన తేలిపోయిందనుకోకండి, మళ్లీ నెలకు మళ్లీ తీసుకెళ్లండి. ఊళ్లో నాలుగు రోజులు ఉంటానంటే ఉండనివ్వండి. పక్కింటి వాళ్లకు ఫోన్ నంబర్ ఇచ్చి రండి చాలు. ఆమె చేతకాని మనిషి కాదు.

ఇవన్నీ అయ్యాక నడకల మాట. కార్తీకం దగ్గరకొస్తోంది, చలి మొదలవుతుంది. మీకు దగ్గర్లోనే అమీన్‌పూర్ చెరువు ఉంది, 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. చలికాలంలో అక్కడికి ఎక్కడెక్కడి నుంచో పక్షులు వస్తాయి. గట్టున నింపాదిగా కూర్చోవచ్చు. ఒక పూట తీరిక చేసుకుంటే వికారాబాద్ దగ్గరి అనంతగిరికి వెళ్లండి. మీ సూర్యాపేట వైపు పొలాలకు నీళ్లిచ్చే మూసీ పుట్టేది ఆ కొండల్లోనే. అనంత పద్మనాభస్వామి గుడి ఉంది, దర్శనం చేసుకోవచ్చు. మన నీళ్లు ఇక్కడి నుంచే వస్తాయట అని చెప్పి చూడండి, ఆమెకు చూడాలనిపిస్తుంది. రాళ్లంటే మీకు ఆసక్తి ఉంటే, హైదరాబాద్ బండల్ని కాపాడేందుకు 1996లో మొదలైన సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్లు పెట్టే నడకలకు మీరు, మీ పాప వెళ్లండి. ఈ బండల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. చిన్నపిల్లలు ఆ మాట విని నోళ్లు తెరుస్తారు.

ఫీజు కట్టిన బృందాన్ని వదిలేయమని నేను అనడం లేదు. నిర్వాహకులతో మీరే మాట్లాడండి. మా అమ్మకు సేద్యం తెలుసు, మొక్కలు తెలుసు, కొత్తవాళ్ల ముందు మాట్లాడమంటే ఇబ్బంది పడుతుంది, పరిచయాల వంతు ఆమెను వదిలేయండి అని చెప్పండి. మంచి మనసున్నవాళ్లు వెంటనే ఒప్పుకుంటారు. దారిలో ఏదైనా ఆకు గురించి ఆమెను ఎవరైనా అడిగితే అడగనివ్వండి, మీరు మాత్రం "మా అమ్మకు అన్నీ తెలుసు, చెప్పమ్మా" అని ముందుకు తోయొద్దు. గుంపులో వెనకగా, ఆమె నడక వేగంతో, ఆమె పక్కన ఉండండి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు, ఫోన్ కారులోనే పెట్టేయండి. కార్తీకంలో ఉసిరి చెట్టు కింద వనభోజనాలు పెట్టుకుందామని ఆ బృందానికి మీ ఆవిడతో చెప్పించండి. వంట ఏం చేయాలో అత్తాకోడళ్లను తేల్చుకోనివ్వండి. ఆ విషయంలో మీరు తలదూర్చకండి.

ఆదివారం పొద్దున "వస్తావా అమ్మా" అని ఒక్కసారే అడగండి. వస్తానంటే బయల్దేరండి. రానంటే ఆ వారానికి మీరూ మానేసి ఆమెతో ఇంట్లో ఉండండి.