'క్లూ' చిత్రానికి అసలు ముగింపు ఏది?

హత్య చుట్టూ తిరిగే హాలీవుడ్ హాస్యచిత్రం 'క్లూ'లో హంతకుడెవరన్న దానిపై మీకూ మీ మిత్రుడికీ మాట కలవలేదని, అసలు ముగింపు ఏదని అడిగారు. మీరు చూసిన హంతకుడు, మీ మిత్రుడు చెప్పిన హంతకుడు వేరు కావడానికి కారణం, 1985లో ఈ చిత్రం అమెరికాలో విడుదలైనప్పుడు ఒక్కో థియేటరుకు మూడు ముగింపుల్లో ఒక్కదాన్నే పంపడం. తరువాత వీడియో ప్రతిలో మూడింటినీ వరుసగా చేర్చారు.

చాలామంది గమనించనిది ముగింపుల మధ్య తెరపై వచ్చే అక్షరాలను. మొదటి రెండూ జరిగి ఉండగల ఊహలేననీ, మూడోదే నిజంగా జరిగిందనీ అవే చెబుతాయి.

1. బట్లర్ వాడ్స్‌వర్త్ ఇల్లంతా పరుగెత్తుతూ, ఆ రాత్రి జరిగినదంతా అభినయించి చూపే ఘట్టం నుంచి మళ్లీ చూడండి.
2. అక్షరాలు కనబడగానే ఆపి చదవండి.

ఒకే ఆధారాలకు మూడు రకాల దోషులు ఇమిడిపోవడమే, నా దృష్టిలో, డిటెక్టివ్ కథలపై ఈ చిత్రం విసిరిన అసలు ఎగతాళి.