సర్వీసుల లాభం ఏ పద్దులో కనిపిస్తుంది?

ప్రశ్న: నేను ఒక బీమా సంస్థలో ఐటీ విభాగం బాధ్యతలు చూస్తున్నాను. పాలసీల జారీ, ప్రీమియం వసూలు, క్లెయిములు, ఏజెంట్ల కమిషన్, కస్టమర్ల వెబ్‌సైట్ ఇలా చిన్నా పెద్దా కలిపి 12 సిస్టమ్‌లు మా దగ్గర నడుస్తున్నాయి. వీటిని క్రమంగా సర్వీస్ ఓరియెంటెడ్ ఆర్కిటెక్చర్‌కు, అంటే ఎస్‌ఓఏ పద్ధతికి మార్చాలని ప్రతిపాదన పెట్టాను. ఒకసారి రాసిన ప్రోగ్రామును పదిచోట్ల వాడుకోవచ్చు కాబట్టి ఖర్చు తగ్గుతుందని అందులో రాశాను. మా ఆర్థిక విభాగాధిపతి అది చదివి, ‘ఈ మాట చాలా ఏళ్లుగా వింటున్నాను, లాభం ఏ పద్దులో కనిపిస్తుందో చెప్పండి’ అని తిప్పి పంపారు. ఆయనకు ఏమని జవాబివ్వాలి?

జవాబు: ఆయన ప్రశ్నలో న్యాయం ఉంది. మీ ప్రతిపాదనలో అన్నిటికంటే బలహీనమైన వాదనను ముందు నిలబెట్టారు. ఒకసారి రాసి పదిచోట్ల వాడుకోవడమన్న లాభం కాగితం మీద కనిపించినంతగా ఆచరణలో చేతికి రాదు. పదిమందికి పనికొచ్చేలా రాయాలంటే మొదట రాసేవారికి ఖర్చు పెరుగుతుంది. ఆ పదిమందిలో కొందరికి కావలసింది కాస్త వేరుగా ఉంటుంది. అందరూ వాడటం మొదలుపెట్టాక చిన్న మార్పు చేయాలన్నా అందరినీ అడగవలసి వస్తుంది. ఎస్‌ఓఏ వల్ల వ్యాపారానికి నిజంగా కలిసొచ్చేది, సంస్థ తీసుకున్న ఒక నిర్ణయం ఒకే చోట అమలు కావడం, ఆ నిర్ణయం మారినప్పుడు ఒకే చోట మార్చగలగడం. మీ ప్రతిపాదనను ఈ మాట చుట్టూ మళ్లీ రాయండి.

ముందుగా పద్ధతిని ఆర్థిక విభాగానికి అర్థమయ్యే మాటల్లో చెప్పుకుందాం. ‘ప్రీమియం లెక్కించు’, ‘చిరునామా మార్చు’, ‘క్లెయిము స్థితి చెప్పు’ వంటి వ్యాపార పనులను విడదీసి ఒక్కో పనిని ఒక్కో సర్వీసుకు అప్పగిస్తాం. ఆ సర్వీసుకు ఏ వివరాలు ఇవ్వాలి, అది ఏమి తిరిగి ఇస్తుంది, పని జరగకపోతే ఏమని చెబుతుంది అనేవి ఒప్పందంగా రాసి అందరికీ అందుబాటులో పెడతాం. మిగతా సిస్టమ్‌లు ఆ ఒప్పందం ప్రకారం అడిగి తెలుసుకోవాలే తప్ప దాని డేటాబేస్‌లోకి నేరుగా చొరబడకూడదు. ఒప్పందం చెడనంతవరకు లోపల ఏది మార్చుకున్నా బయటివారికి ఇబ్బంది ఉండదు. లోపలి వివరాలను బయటికి కనబడనివ్వకూడదన్న సూత్రాన్ని కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ పార్నాస్ 1972లోనే ప్రోగ్రాముల నిర్మాణానికి సంబంధించి వివరించారు. సాంకేతిక రంగాన్ని పరిశీలించే గార్ట్‌నర్ సంస్థ విశ్లేషకులు రాయ్ షుల్టే, యెఫిమ్ నాటిస్ 1996లో ఎస్‌ఓఏ అనే పేరుతో రాశారు. 2000 నుంచి సందేశాల రూపానికి సోప్, ఒప్పందం రాసే తీరుకు డబ్ల్యూఎస్‌డీఎల్ వంటి ప్రమాణాలు వచ్చాక వేర్వేరు కంపెనీల సాఫ్ట్‌వేర్లు ఒకదానినొకటి అడిగి సమాధానం పొందడం తేలికైంది.

ఇక లాభం సంగతి. నేను కొంతకాలం పనిచేసిన ఒక బీమా సంస్థకు ఒక కస్టమర్ నుంచి ఫిర్యాదు వచ్చింది. వెబ్‌సైట్‌లో చూపించిన ప్రీమియం 1599, రసీదులో వేసినది 1600. తేడా ఒక్కటే కదా అని ఎవరూ మొదట పట్టించుకోలేదు. తీరా లెక్క విప్పి చూస్తే, అసలు పాలసీకి 1204.40, రెండు రైడర్లకు (పాలసీకి జోడించే అదనపు రక్షణలకు) 310.40, 85.40 పడుతున్నాయి. వెబ్‌సైట్ ప్రోగ్రాము ఒక్కో మొత్తాన్ని విడిగా దగ్గరి పూర్ణాంకానికి సవరించి 1204, 310, 85 కలిపి 1599 అంటోంది. వసూళ్ల సిస్టమ్ మూడూ కలిపి 1600.20 చేసి, చివర్లో సవరించి 1600 అంటోంది. ఇద్దరు ప్రోగ్రామర్లూ తప్పు చేయలేదు. ఏది సంస్థ పాటించే పద్ధతి అన్నది ఎవరూ నిర్ణయించలేదు, అంతే. ఇదే లెక్క ఏజెంట్ల సాఫ్ట్‌వేర్‌లో ఒకసారి, పాలసీ రెన్యువల్ బ్యాచ్‌లో ఒకసారి మళ్లీ రాసి ఉంది. ఒకే నియమానికి నాలుగు నకళ్లు.

ఆ ఏడాది వయసు వర్గాల ప్రకారం రేట్లు మార్చాలని సంస్థ నిర్ణయించింది. నాలుగు బృందాలు నాలుగుచోట్ల మార్చాలి, నాలుగుసార్లు టెస్టింగ్ జరగాలి, నాలుగు రిలీజ్ తేదీలు కుదరాలి. అందరికంటే ఆలస్యంగా తెమిలే బృందం ఏ రోజుకు సిద్ధమైతే ఆ రోజే కొత్త రేటు అమల్లోకి వస్తుంది. అప్పటిదాకా సంస్థ పాత రేటుకే పాలసీలు అమ్మవలసి వచ్చింది. ఆ తరువాత ప్రీమియం లెక్కను ఒకే సర్వీసుగా చేసి మిగతా మూడుచోట్లా ఉన్న నకళ్లను తీసేశాం. అందులో ప్రోగ్రాము రాయడానికి పట్టిన కాలం కంటే, విడిగా సవరించాలా చివర్లో సవరించాలా అని రిస్కును అంచనావేసి ప్రీమియం నిర్ణయించే ఆక్చువరీ విభాగం, అకౌంట్స్ విభాగం కూర్చుని తేల్చుకోవడానికి పట్టిన కాలమే ఎక్కువ. నా దృష్టిలో ఆ పనిలో అన్నిటికంటే విలువైన భాగం ఆ తేల్చుకోవడమే. సంస్థకు తన నియమం ఏమిటో ఆ రోజు స్పష్టంగా తెలిసింది.

మీ ఆర్థిక విభాగాధిపతికి చూపించవలసిన లెక్క ఇక్కడే దొరుకుతుంది. మీ సంస్థలో ఇటీవల జరిగిన పది వ్యాపార మార్పులను తీసుకోండి: కొత్త పాలసీ ప్రవేశపెట్టడం, రేటు మార్చడం, పన్ను నిబంధన మారడం, కొత్త బ్యాంకుతో ఒప్పందం కుదరడం, ఇలాంటివి. ఒక్కోదానికి నిర్ణయం సంతకమైన రోజు నుంచి కస్టమర్‌కు అందిన రోజు వరకు ఎన్ని రోజులు పట్టిందో, ఎన్ని సిస్టమ్‌లను ముట్టుకోవలసి వచ్చిందో, ఎన్ని బృందాలు కలవవలసి వచ్చిందో రాయండి. ఆ తరువాత రెండు సిస్టమ్‌ల లెక్కలు కలవనందుకు అకౌంట్స్ సిబ్బంది ప్రతి నెలాఖరునా చేతితో సరిచూసుకునే గంటలు లెక్కించండి. మొదటిది ఆలస్యంవల్ల పోయిన ఆదాయంగా, మార్పుల ఖర్చుగా తేలుతుంది. రెండోది జీతాల పద్దులో ఇప్పటికే ఉంది, ఎవరూ దానికి ఆ పేరు పెట్టలేదంతే. ఎస్‌ఓఏకు పెట్టే పెట్టుబడి ఈ అంకెలను తగ్గించకపోతే దానికి డబ్బు ఇవ్వకూడదు. ఈ మాట కూడా మీ ప్రతిపాదనలో రాయండి. ఆయనకు మీ మీద నమ్మకం పెరుగుతుంది.

సిస్టమ్‌ల మధ్య లింకుల లెక్క కూడా పనికొస్తుంది, కానీ జాగ్రత్తగా వాడాలి. 12 సిస్టమ్‌లలో ప్రతి రెండింటినీ నేరుగా కలిపితే 66 లింకులు అవుతాయి. నిజానికి ఎక్కడా అన్నీ కలపరు. సగం కలిపినా 33 అవుతాయి, ఒక్కోటి ఒక్కో పద్ధతిలో రాసి ఉంటుంది. సర్వీసులు పెట్టినంత మాత్రాన ఈ లింకులు మాయం కావు. ఒకే ఒప్పందాన్ని చదువుకుని అందరూ కలుస్తారు కాబట్టి పదమూడో సిస్టమ్ వచ్చినప్పుడు పాతవాటిని తెరవవలసిన అవసరం తగ్గుతుంది. మీ పాత మెయిన్‌ఫ్రేమ్‌ను ఎప్పటికైనా మార్చాలనుకుంటే, దాని ముందు ఇలాంటి ఒప్పందం ఉండటం వల్ల వెనుక ఒక్కో భాగాన్నీ మెల్లగా మార్చుకోవచ్చు. ఒకే రాత్రిలో మొత్తం మార్చాలన్న ప్రమాదం తప్పుతుంది.

ప్రశ్న: ఎస్‌ఓఏ చనిపోయిందని 2009లోనే ప్రకటించారు. ఇప్పుడు అందరూ మైక్రోసర్వీసుల (చిన్నచిన్న స్వతంత్ర సర్వీసుల) గురించే మాట్లాడుతున్నారు. పాత పేరును పట్టుకుని వేలాడటంలో అర్థం ఉందా?

జవాబు: ఆ ప్రకటన చేసినది బర్టన్ గ్రూప్ విశ్లేషకురాలు ఆన్ థామస్ మేన్స్, 2009 జనవరిలో. ఆమె ఆ పేరు పని అయిపోయిందన్నారు. సర్వీసుల అవసరం మాత్రం ఉంటుందని ఆ రాతలోనే చెప్పారు. పేరు చెడటానికి కారణం ఉంది. చాలా సంస్థలు సిస్టమ్‌ల మధ్య సందేశాలు చేరవేసే ఎంటర్‌ప్రైజ్ సర్వీస్ బస్ అనే సాఫ్ట్‌వేరును భారీ ఖర్చుతో కొని, ఎస్‌ఓఏ వచ్చేసిందనుకున్నాయి. వ్యాపార నియమాలను కూడా ఒక్కొక్కటిగా ఆ బస్‌లోనే రాసుకుంటూ పోయాయి. దానితో ఎవరికి ఏ మార్పు కావాలన్నా ఆ బస్‌ను నడిపే ఒక్క బృందం గుమ్మం ముందు వరుసలో నిలబడవలసి వచ్చింది. మార్పు వేగంగా జరగాలని మొదలుపెట్టిన పని మార్పుకు అడ్డుకట్టగా తయారైంది. సర్వీసులన్నిటినీ నమోదు చేసే బహిరంగ జాబితా పెడితే ఎవరికి కావలసినవి వారు వెతుక్కుంటారన్న ఆశా ఫలించలేదు. యూడీడీఐ ప్రమాణంతో ఐబీఎం, మైక్రోసాఫ్ట్, శాప్ నడిపిన అలాంటి బహిరంగ రిజిస్ట్రీ 2006 జనవరిలో మూతబడింది. చిరునామా తెలిసినంత మాత్రాన ముక్కూమొహం తెలియని సర్వీసు మీద ఆధారపడి ఎవరూ వ్యాపారం నడపరు కదా.

అదే 2009 అక్టోబరులో 17 మంది నిపుణులు రోటర్‌డామ్‌లో కలిసి ఎస్‌ఓఏ మేనిఫెస్టోను ప్రకటించారు. సాంకేతిక వ్యూహం కంటే వ్యాపార విలువకే ఎక్కువ ప్రాధాన్యమన్నది అందులోని ప్రాధాన్యాల్లో మొదటిది. దెబ్బతిన్న అనుభవం నుంచి వచ్చిన మాట కనుక దానికి నేను విలువ ఇస్తాను.

మైక్రోసర్వీసుల గురించి జేమ్స్ లూయిస్, మార్టిన్ ఫౌలర్ 2014లో రాసిన వ్యాసం ఆ పేరును విస్తృతంగా ప్రచారంలోకి తెచ్చింది. ప్రతి సర్వీసుకూ తన డేటా తనకే ఉండాలి, మిగతావాటి కోసం ఆగకుండా ప్రొడక్షన్‌లోకి (అసలు వాడకంలోకి) వెళ్లగలగాలి, తెలివి సర్వీసుల్లో ఉండాలి గానీ వాటిని కలిపే గొట్టంలో కాదు అన్నవి వారు చెప్పిన ముఖ్య లక్షణాల్లో కొన్ని. బస్ చేసిన పొరపాటును దిద్దిన మాటలివి. అయితే ఒప్పందం వెనుక ఒక వ్యాపార పనిని నిలబెట్టాలన్న మూలం రెండింటిలోనూ ఒకటే. పేరు ఏది పెట్టుకున్నా, ప్రీమియం లెక్కకు నాలుగు నకళ్లు ఉన్న సంస్థ దాన్ని నలభై మైక్రోసర్వీసులుగా చీల్చినా కస్టమర్‌కు రెండు అంకెలు కనిపిస్తూనే ఉంటాయి.

ప్రశ్న: మేము సర్వీసులుగా విడగొట్టాక అప్లికేషన్ నెమ్మదించింది, తరచు ఆగిపోతోంది. ఒకసారి కొందరు కస్టమర్ల ఖాతాల నుంచి డబ్బు రెండుసార్లు తీసుకుంది. ఇది ఈ పద్ధతి లోపమేనా?

జవాబు: పద్ధతికి ఉన్న ఖర్చే అది. దీన్ని ముందే చెప్పకుండా లాభాలే చెప్పినవారు మీకు అన్యాయం చేశారు. ఒకే ప్రోగ్రాములో ఒక భాగం మరో భాగాన్ని పిలవడానికి పట్టే సమయం లెక్కలోకే రాదు. నెట్‌వర్క్ దాటి పిలిస్తే దానికి వేల రెట్లు పడుతుంది. కస్టమర్ పేరుకు ఒక పిలుపు, ఫోన్ నంబరుకు ఒక పిలుపు, చిరునామాకు మరో పిలుపు అన్నట్టు సర్వీసులు చేసుకుంటే ఒక్క పేజీ తెరవడానికి వందల పిలుపులవుతాయి. ‘ఈ కస్టమర్ వివరాలన్నీ ఇవ్వు’ అని ఒకేసారి అడిగేలా ఒప్పందాన్ని పెద్దది చేయాలి.

ఆగిపోవడానికీ లెక్క ఉంది. 99.9 శాతం సమయం పనిచేసే సర్వీసు ఏడాదికి దాదాపు 9 గంటలు ఆగుతుంది. అలాంటివి ఐదు వరుసగా పనిచేస్తేనే మీ పని పూర్తవుతుందనుకుంటే, అవి ఆగడానికి ఒకదానితో ఒకటికి సంబంధం లేనప్పుడు, మొత్తం మీద 99.5 శాతమే మిగులుతుంది. అంటే ఏడాదికి దాదాపు 44 గంటలు. అందుకే వెంటనే సమాధానం అవసరంలేని పనులను క్యూలో పెట్టి తరువాత చేయించాలి.

డబ్బు రెండుసార్లు పోవడం చాలా బాధాకరమైన తప్పు, నివారించదగినది కూడా. వసూలు సర్వీసు పని పూర్తిచేసింది, సమాధానం మాత్రం దారిలో పోయింది; అడిగిన సిస్టమ్ పని జరగలేదనుకుని మళ్లీ అడిగింది. జరిగింది ఇదే అయి ఉండాలి. ప్రతి అభ్యర్థనకూ అడిగేవారే ఒక ప్రత్యేక సంఖ్య ఇవ్వాలి, ఆ సంఖ్యతో పని ఇదివరకే జరిగి ఉంటే సర్వీసు మళ్లీ చేయకుండా పాత సమాధానమే తిరిగి ఇవ్వాలి. ఈ నియమం ఒప్పందంలో రాసి లేని వసూలు సర్వీసును ప్రొడక్షన్‌లోకి అనుమతించవద్దు.

ప్రశ్న: సర్వీసును ఒక ప్రాజెక్టు కింద తయారుచేశాం. ప్రాజెక్టు ముగిసింది. ఇప్పుడు దాని నిర్వహణ ఖర్చు ఏ విభాగం భరించాలన్న వివాదం నడుస్తోంది.

జవాబు: ఆ నియమాన్ని మార్చే అధికారం ఎవరికి ఉందో ఆ విభాగమే భరించాలి. ప్రీమియం లెక్క అయితే ఆక్చువరీ విభాగం, కమిషన్ అయితే సేల్స్ విభాగం. ప్రాజెక్టుకు ముగింపు తేదీ ఉంటుంది, సర్వీసుకు ఉండదు. కనుక ప్రాజెక్టు బడ్జెట్‌లో దానికి చోటు దొరకదు. వాడుకునే విభాగాలు ఎంత వాడుకున్నాయో లెక్కవేసి తలా కొంత వసూలు చేయడం కొన్నిచోట్ల జరుగుతుంది గానీ, మొదటి రెండేళ్లు ఆ పని చేయవద్దని నా సలహా. వాడకానికి బిల్లు వస్తుందనగానే ప్రతి విభాగమూ సొంత నకలు రాసుకోవడానికి సిద్ధపడుతుంది.

మరొక విషయం మీ లేఖలో కనిపించలేదు కాబట్టి అడుగుతున్నాను: కొత్త సర్వీసు వచ్చాక పాత ప్రోగ్రాములను ఆపారా? వాటిని కూడా నడుపుతూ ఉంటే మీరు భరిస్తున్నది రెండు ఖర్చులు, వివాదం మాత్రం ఒకదాని గురించే జరుగుతోంది. పాత ప్రోగ్రాములు ఏ తేదీన ఆగుతాయో, ఆ తేదీకి బాధ్యులెవరో రాయించి ఇరు విభాగాల చేత సంతకం చేయించండి. బడ్జెట్ చర్చ ఆ కాగితం మీద మొదలుపెట్టండి.