ప్రశ్నలు – జవాబులు: ఆన్‌లైన్ కోర్సులో కబురు అందరికీ చేరాలంటే

ప్రోగ్రామింగ్ మొదటి మెట్టు కోర్సును ఆన్‌లైన్‌లో నడుపుతున్న పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఈసారి పాఠాల గురించి అడిగినవి తక్కువ. గడువులు, ప్రకటనలు, మార్పులు విద్యార్థుల చెవిన ఎలా వేయాలన్నదే ఎక్కువమంది బాధ.

ప్రశ్న: వారానికి ఐదారు ప్రకటనలు పెడుతున్నాం. అయినా "అసైన్‌మెంట్ ఎప్పటిలోగా ఇవ్వాలి?" అని రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. ఇంకా ఎన్నిసార్లు చెప్పాలండీ?

జవాబు: ఇంకా తక్కువసార్లు చెప్పాలి. ఆ ఐదారింటిలో నాలుగైనా "వీడియో అప్‌లోడ్ చేశాం", "స్లైడ్లు సరిచేశాం" లాంటివి అయ్యుంటాయి. మూడో వారం వచ్చేసరికి వాటిని తెరవడమే మానేస్తారు. నాన్నా పులి కథే ఇదీ. నిజంగా చదవాల్సిన ప్రకటన వచ్చిన రోజున అదీ ఆ గుంపులోనే కొట్టుకుపోతుంది.

ముందు ఒక పేజీని ఖాయం చేయండి. కోర్సు గడువులు, లింకులు, మార్కుల లెక్క అన్నీ అక్కడే ఉండాలి. మిగతావన్నీ ఆ పేజీకి దారి చూపాలి తప్ప, అదే సమాచారానికి రెండో కాపీ కాకూడదు. సిలబస్ పీడీఎఫ్‌లో ఒక తేదీ, అసైన్‌మెంట్ పేజీలో ఇంకో తేదీ, క్యాలెండర్‌లో మూడోది కనిపిస్తే విద్యార్థి ఏం చేస్తారు? మిమ్మల్నే అడుగుతారు. అందులో వారి తప్పేమీ లేదు. రికార్డు చేసే వీడియోల్లోనైతే తేదీల మాటే ఎత్తకండి. వచ్చే బ్యాచ్‌కి అదే వీడియో వాడినప్పుడు పాత తేదీ మీ గొంతుతోనే వినిపిస్తుంది.

ఆ తర్వాత వారానికి ఒకే మెయిల్, ఎప్పుడూ ఒకే రోజు, ఒకే వేళకు. సబ్జెక్ట్ లైన్‌లో "ముఖ్య గమనిక" అని రాస్తే తెరిచేదాకా లోపల ఏముందో తెలియదు. ఇలా రాసి చూడండి:

సబ్జెక్ట్: వారం 4, లూప్‌లు. అసైన్‌మెంట్ 3 గడువు శుక్రవారం సాయంత్రం 6

చేయాల్సినవి: వీడియోలు 4.1 నుంచి 4.3 (38 నిమిషాలు). క్విజ్ 4, బుధవారం సాయంత్రం 6 లోగా. అసైన్‌మెంట్ 3, శుక్రవారం సాయంత్రం 6 లోగా; సుమారు 3 గంటల పని.
మారినవి: అసైన్‌మెంట్ 3, రెండో లెక్కలో రౌండింగ్ గురించి ఒక వాక్యం చేర్చాం. ఇప్పటికే సబ్మిట్ చేసినవారు మళ్లీ చేయనక్కర్లేదు.
ఎక్కువమంది తడబడ్డ చోటు: పైథాన్ భాషలో రేంజ్(1, 10) రాస్తే లెక్క 9 దగ్గరే ఆగుతుంది, 10 రాదు.
సందేహాల గంట: గురువారం సాయంత్రం 5. లింకు కోర్సు పేజీ పైభాగంలో ఉంది.

ఫోన్‌లో రెండుసార్లు వేలితో జరిపితే అయిపోవాలి, అంతకంటే పొడవు వద్దు. వీడియోల నిడివి, పనికి పట్టే సమయం రాయడం చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ, ఉద్యోగం చేసుకుంటూ చదివేవారు వారాన్ని సర్దుకునేది ఆ అంకెల్ని చూసే. మారినవేమీ లేకపోతే "మారినవి: లేవు" అనే రాయండి. ఆ వరుస తీసేస్తే, మార్పులేవీ లేవో, మీరు రాయడం మరిచారో వాళ్లకు తెలియదు.

నోటీసును బొమ్మగా చేసి పెట్టే అలవాటు ఉంటే మానేయండి. చూపు లేనివారికి తెర మీది అక్షరాల్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ బొమ్మలోని అక్షరాల్ని సాధారణంగా చదవలేదు, వెతికితే దొరకదు, అందులోని లింకును నొక్కలేం.

ప్రశ్న: గడువు "శుక్రవారం రాత్రి 12" అని పెట్టాం. సగం మంది గురువారం రాత్రి అనుకున్నారు, సగం మంది శుక్రవారం రాత్రి అనుకున్నారు. ఏది సరైంది?

జవాబు: రెండూ సరైనవే, అదే చిక్కు. మాటల్లో శుక్రవారం రాత్రి 12 అంటే శుక్రవారం ముగిసే వేళ. కంప్యూటర్‌కి శుక్రవారం 00:00 అంటే శుక్రవారం మొదలయ్యే క్షణం, అంటే మనం గురువారం రాత్రి అనుకునేది. అందుకే చాలామంది 23:59 పెడతారు. అయోమయం పోతుంది గానీ, ఆ వేళకి సబ్మిట్ పేజీ మొరాయిస్తే పలికే నాథుడు ఉండడు. సిబ్బంది మేలుకుని ఉండే వేళ, సాయంత్రం 6 లాంటిది, అన్నివిధాలా మేలు.

వేర్వేరు దేశాల నుంచి చదివేవారుంటే ఇంకో మెలిక ఉంది. మూడుల్‌లో (ఆన్‌లైన్ కోర్సులు నడిపే సాఫ్ట్‌వేర్) గడువు గడిలో పెట్టిన సమయం, టైమ్‌జోన్‌ను సిస్టమ్ అంతటికీ బిగించకపోతే, ఎవరి ప్రొఫైల్‌లో ఏ టైమ్‌జోన్ ఉందో దాని ప్రకారం మారి కనిపిస్తుంది. మీరు వివరణలో చేత్తో టైపు చేసిన "సాయంత్రం 6" మాత్రం ఎవరికైనా సాయంత్రం 6 గానే కనిపిస్తుంది. ఒకే పేజీలో రెండు గడువులన్నమాట. వివరణలో సమయం రాయక తప్పకపోతే పక్కన యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకటే ప్రామాణిక సమయం) కూడా రాయండి. ఏడాదికి రెండుసార్లు గడియారం ఒక గంట మార్చుకునే దేశాల్లో ఉన్నవారికి ఆ వారాల్లో ఒక మాట గుర్తుచేయడం మంచిది.

మూడుల్‌లోనే "డ్యూ డేట్", "కటాఫ్ డేట్" అని రెండు గడులుంటాయి. మొదటిది దాటితే సబ్మిషన్ ఆలస్యమైనట్టు గుర్తు పడుతుంది, కానీ తీసుకుంటుంది. రెండోది దాటితేనే తలుపు మూతపడుతుంది. కటాఫ్ పెట్టడం మరిచిపోతే "గడువు దాటాక తీసుకోం" అన్న మీ నోటీసు ఒకటి చెబుతుంది, సిస్టమ్ ఇంకోటి చేస్తుంది. విద్యార్థులు నమ్మేది సిస్టమ్‌నే.

క్యాలెండర్ ఫైలు ఇస్తున్నట్లయితే, దాన్ని దించుకుని ఇంపోర్ట్ చేసుకున్నవారికి అది ఒక్కసారి కాపీ మాత్రమేనని చెప్పండి. తర్వాత మీరు తేదీ మార్చినా వాళ్ల క్యాలెండర్‌లో మారదు. లింకుతో సబ్‌స్క్రయిబ్ చేసుకుంటే మారుతుంది, అదీ వెంటనే కాదు, గంటలు పట్టవచ్చు. కాబట్టి గడువు చివరి రోజున చేసిన మార్పుకి క్యాలెండర్‌ను నమ్ముకోవద్దు.

ప్రశ్న: అసైన్‌మెంట్ ఇచ్చాక ప్రశ్నలోనే తప్పు కనిపించింది. నెమ్మదిగా పేజీలో సరిచేశాం. తర్వాత పెద్ద గొడవైంది. మేం చేసిందాంట్లో పొరపాటేంటి?

జవాబు: "నెమ్మదిగా" అన్నదే పొరపాటు. మొదటి రోజే ప్రశ్నను ప్రింట్ తీసుకున్నవారు, దించుకున్నవారు, చదివి పని మొదలుపెట్టినవారు మళ్లీ ఆ పేజీ చూడరు. ముందుగా పని మొదలుపెట్టిన బుద్ధిమంతులకే దెబ్బ తగులుతుంది, ఆఖరి రాత్రి తెరిచినవారు హాయిగా ఉంటారు.

అసైన్‌మెంట్ పేజీ పైనే మార్పుల పట్టీ పెట్టండి. ప్రతి మార్పుకి నాలుగు ముక్కలు చాలు: ఎప్పుడు మార్చారు, ముందు ఏముండేది, ఇప్పుడు ఏముంది, ఎవరు ఏం చేయాలి. నాలుగోదాన్ని ఎక్కువమంది మరిచిపోతారు, విద్యార్థికి కావాల్సింది మాత్రం అదొక్కటే.

ఒక ఉదాహరణ. "సరాసరిని దగ్గరి పూర్ణసంఖ్యకు రౌండ్ చేయండి" అని అడిగారనుకుందాం. బడి లెక్కల్లో 2.5 ని రౌండ్ చేస్తే 3. పైథాన్ 3లో రౌండ్ ఫంక్షన్‌కి 2.5 ఇస్తే 2 వస్తుంది, ఎందుకంటే సరిగ్గా సగం దగ్గర అది సరి సంఖ్య వైపు మొగ్గుతుంది. 3.5 ఇస్తే 4. చేత్తో లెక్క వేసి సరిచూసుకున్న విద్యార్థి తన ప్రోగ్రామే తప్పనుకుని గంటలు పోగొట్టుకుంటారు. అప్పుడు పట్టీలో రాయాల్సింది ఇలా: "మంగళవారం ఉదయం 10. ముందు: రౌండ్ చేయండి. ఇప్పుడు: పైథాన్ రౌండ్ ఫంక్షన్ వాడండి, 2.5 కి 2 వస్తే సరైనదే. రౌండ్ ఫంక్షనే వాడి సబ్మిట్ చేసినవారు ఏమీ చేయక్కర్లేదు. సొంతంగా రౌండింగ్ రాసుకున్నవారి జవాబులనూ ఈసారి ఒప్పుకుంటాం."

ఆ ఆఖరి వాక్యం వెనక ఒక నియమం ఉంది. గడువుకి 48 గంటల లోపు చేసే ఏ మార్పూ ఎవరిచేతా పని మళ్లీ చేయించకూడదు. తప్పనిసరైతే పాత రూపం, కొత్త రూపం రెండింటికీ మార్కులివ్వండి. గడువు పొడిగిస్తున్నా ముందురోజే చెప్పండి. ఆఖరి గంటలో పొడిగిస్తే నిద్ర మానుకుని ముగించినవారికి అది వరంలా కాదు, ఎగతాళిలా ఉంటుంది.

ప్రశ్న: ప్రకటనలో తప్పుంటే ఎడిట్ చేస్తే సరిపోతుందా, కొత్తది పెట్టాలా?

జవాబు: మూడుల్‌లో ప్రకటన పెట్టాక, అడ్మిన్ మార్చకపోతే, సరిదిద్దుకోవడానికి 30 నిమిషాలుంటాయి. మెయిల్ వెళ్లేది ఆ తర్వాతే. ఆ అరగంటలో ఎడిట్ చేయండి, ఎవరికీ తెలియదు. ఒకసారి మెయిల్ వెళ్లిపోయాక పేజీలో ఏం దిద్దినా ఇన్‌బాక్సుల్లో తప్పు తప్పుగానే ఉంటుంది; కాబట్టి "సవరణ" అన్న మాటతో మొదలయ్యే కొత్త ప్రకటన పెట్టాలి. అత్యవసరమైతే ఆలస్యం లేకుండా పంపే టిక్ బాక్స్ కూడా ఉంది. అది నొక్కేముందు తేదీని ఇంకోసారి చదువుకోండి.

ప్రశ్న: "మా ఇంట్లో పనిచేసిన ప్రోగ్రామ్‌కి ఆటోగ్రేడర్ (ప్రోగ్రామ్‌లను దానంతటదే దిద్దే సాఫ్ట్‌వేర్) సున్నా ఇచ్చింది" అని ప్రతి అసైన్‌మెంట్‌కీ పదిమంది రాస్తున్నారు. ముందే ఏం చెప్పి ఉండాల్సింది?

జవాబు: మూడు సంగతులు, మొదటి వారంలోనే.

మొదటిది వెర్షన్. ఆటోగ్రేడర్‌లో నడిచే పైథాన్ వెర్షన్‌ను అంకెతో సహా రాయండి, "తాజాది పెట్టుకోండి" అనకండి. ఎఫ్-స్ట్రింగ్‌కి (విలువల్ని మధ్యలో ఇరికించి రాసే పైథాన్ స్ట్రింగ్) బయట డబుల్ కోట్లు పెట్టి, లోపల కర్లీ బ్రాకెట్ల మధ్య మళ్లీ డబుల్ కోట్లే వాడటం 3.12 నుంచి చెల్లుతుంది. అదే వరుస 3.11లో సింటాక్స్ ఎర్రర్. ఇంట్లో కొత్తది, మీ సర్వర్‌లో పాతది ఉంటే ఒక్క వరుస వల్ల ఫైలు మొత్తం నడవదు, సున్నా పడుతుంది. మ్యాచ్ స్టేట్‌మెంట్ కూడా అంతే, 3.10 కంటే ముందు లేదు.

రెండోది ఫైలు పేరు, ఎక్కువ సున్నాలు పుట్టేది ఇక్కడే. విండోస్ మామూలుగా ఫైలు చివరి ఎక్స్‌టెన్షన్‌ను దాచి చూపిస్తుంది. నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసిన ఫైలుకి అసలు పేరు చివర "డాట్ టీఎక్స్‌టీ" తగులుకుని ఉన్నా కంటికి కనబడదు. అదే ఫైలును రెండోసారి దించుకుంటే బ్రౌజర్ పేరు పక్కన బ్రాకెట్లో 1 చేరుస్తుంది. పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడాను విండోస్ పట్టించుకోదు, లినక్స్ సర్వర్ పట్టించుకుంటుంది. ఈ మూడూ అసైన్‌మెంట్ పేజీలో సబ్మిట్ బటన్‌కి పక్కనే ఉండాలి. సిలబస్ ఏడో పేజీలో ఉంటే లేనట్టే.

మూడోది, ఆటోగ్రేడర్ చెప్పే మాట. "టెస్ట్ 2 ఫెయిల్" అని ఊరుకుంటే కొత్తవారికి ఏమీ అర్థం కాదు. "ఈ పేరుతో ఫైలు కనిపించలేదు, మీరు పంపిన ఫైలు పేరు ఇది" అని చెప్పించండి. ఆ ఒక్క వాక్యం మీకొచ్చే మెయిళ్లను ఏ ప్రకటనకన్నా ఎక్కువ తగ్గిస్తుంది.

వీటికి తోడు మార్కులు లేని "అసైన్‌మెంట్ 0" ఒకటి పెట్టండి: ఒకే వరుస ప్రింట్ చేసే ప్రోగ్రామ్, సరైన పేరుతో సబ్మిట్ చేయడం, అంతే. ఇబ్బందులన్నీ అక్కడే బయటపడతాయి.

ప్రశ్న: విద్యార్థులు సొంతంగా వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు. మేమూ అందులో చేరి సమాచారం ఇవ్వాలా?

జవాబు: వద్దు. అందులో లేనివారికి అన్యాయం, పైగా చెప్పింది రెండు రోజుల్లో వందల సందేశాల కింద పడిపోతుంది. గ్రూపును వాళ్లకే వదిలేసి, "అధికారిక మాట కోర్సు పేజీలో ఉన్నదే" అని మొదటి వారం ఒకసారి చెప్పండి.

ప్రశ్న: కొందరు మూడు వారాలుగా లాగిన్ కూడా కావట్లేదు. వీళ్లకి కబురెలా?

జవాబు: మూడు వారాలంటే ఆలస్యమే. అసైన్‌మెంట్ 0 గడువు దాటిన మర్నాడే, ఇవ్వనివారి జాబితా తీయండి. అందరికీ కలిపి హెచ్చరిక పంపితే, ఇచ్చినవారు కంగారుపడతారు, ఇవ్వనివారు చదవరు. విడివిడిగా, పేరుతో, మూడే వాక్యాలు: "అసైన్‌మెంట్ 0 మాకు అందలేదు. ఇన్‌స్టలేషన్ దగ్గర ఆగిపోయారా, సమయం చిక్కలేదా, ఇంకేదైనా కారణమా? ఒక్క మాటతో జవాబిచ్చినా చాలు." కారణాల్ని మీరే అందిస్తే జవాబు రాయడం తేలిక. ఒకే మెయిల్‌ను పాతికమందికి "టు" గడిలో పెట్టి పంపకండి. ఎవరెవరు వెనకబడ్డారో అందరికీ తెలిసిపోతుంది. మెయిల్ మర్జ్ (ఒకే మెయిల్‌ను ఒక్కొక్కరికీ వారి పేరుతో విడిగా పంపే సదుపాయం) వాడండి, లేదంటే కనీసం బీసీసీ (ఒకరి అడ్రస్ ఇంకొకరికి కనిపించని గడి).

ప్రశ్న: గడువు రోజే సర్వర్ పడిపోయింది. ప్రకటన పెట్టాలన్నా అదే సర్వర్!

జవాబు: అందుకే కోర్సు మొదట్లోనే రెండో దారి చెప్పి ఉంచాలి. విద్యార్థుల మెయిల్ అడ్రసుల జాబితా సర్వర్ బయట కూడా ఒకటి భద్రంగా ఉండాలి. కారణం తెలిసేదాకా ఆగకండి. వెంటనే పంపాల్సింది ఇంతే: "సబ్మిట్ పేజీ పనిచేయట్లేదని మాకు తెలుసు. మీ ఫైలును దగ్గరే ఉంచుకోండి, మెయిల్ చేయవద్దు. పేజీ తిరిగి వచ్చాక 24 గంటలు గడువు ఉంటుంది. మళ్లీ రాత్రి 8 కి రాస్తాం." రాత్రి 8 కి కొత్త సంగతి ఏమీ లేకపోయినా, లేదనే రాయండి.

ప్రశ్న: సగం పని ఎగ్గొట్టిన విద్యార్థికి మార్కుల పట్టికలో 90 శాతం కనిపిస్తోంది. చివర్లో ఫెయిలైతే మా మీదకొస్తారు. ఎందుకిలా?

జవాబు: ఖాళీ గడికీ సున్నాకీ ఉన్న తేడా వల్ల. మూడుల్ మార్కుల లెక్కలో ఖాళీ గడుల్ని వదిలేసే సెట్టింగ్ ఉంది, సాధారణంగా అది ఆన్‌లోనే ఉంటుంది. నాలుగింటిలో రెండే ఇచ్చి వాటిలో 90 చొప్పున తెచ్చుకుంటే మొత్తం 90 అనే చూపిస్తుంది. ఇవ్వని రెంటికీ సున్నా వేస్తే అదే 45. సెట్టింగ్ మార్చేస్తే ఇంకా గడువు రాని అసైన్‌మెంట్లు కూడా సున్నాలై అందరి గుండెలూ జారిపోతాయి కాబట్టి దాన్ని ముట్టుకోవద్దు. కటాఫ్ దాటిన మర్నాడు, ఇవ్వనివారి గడుల్లో సున్నాను చేత్తో వేసేయండి. ఇచ్చినా ఇంకా దిద్దనివి మాత్రం ఖాళీగానే ఉంచి, "దిద్దడం ఫలానా రోజుకి పూర్తవుతుంది" అని వారం మెయిల్‌లో ఒక వరుస చేర్చండి.