ఓడకు పేరు అడగబోయే ముందు

చిరంజీవి బిడ్డకు పెద్దనాయన ఆశీస్సులు.

కర్నల్ సంతోష్‌బాబు పేరు ఒక ఓడకు పెట్టాలని నీవూ నీ స్నేహితులూ ఢిల్లీకి వినతిపత్రం పంపబోతున్నారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో 16 బిహార్ అనే సైనిక పటాలాన్ని ముందుండి నడిపిస్తూ ప్రాణమిచ్చిన మన సూర్యాపేట వీరుడి పేరు సముద్రం మీదా నిలవాలని మీకు తోచినందుకు నా మనసు పొంగింది. విశాఖ షిప్‌యార్డులో వెల్డరుగా బతుకు గడిపినవాణ్ణి కాబట్టి ఆ వెంటనే భయమూ పట్టుకుంది.

యుద్ధనౌకే కావాలని పట్టుబట్టకండి. మన నౌకాదళం వాటికి ఎక్కువగా నగరాల, నదుల, ఆయుధాల పేర్లు పెడుతుంది. 1971 డిసెంబరు 9న పాకిస్తాన్‌తో యుద్ధంలో మునిగిన ఖుక్రీ యుద్ధనౌకతోపాటే నీట కలిసిన కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లాకు మహావీరచక్రం ఇచ్చారు గానీ, 1989లో వచ్చిన కొత్త నౌకకు మళ్లీ ఖుక్రీ అనే పేరే పెట్టారు. తీరరక్షక దళం దారి వేరు. రాణి అబ్బక్క, రాణి దుర్గావతి అనే గస్తీ నౌకలు మా యార్డులోనే తయారయ్యాయి. వాణిజ్య నౌకలు నడిపే షిప్పింగ్ కార్పొరేషన్ వారు 1980లలో పరమవీరచక్ర గ్రహీతల పేర్లను 15 చమురు ట్యాంకర్లకు పెట్టారు. ఈ రెండు తలుపులూ తట్టండి. సంతకాలు, నకళ్లు, రిజిస్టర్డ్ పోస్టు సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు.

నా భయమంతా ఒక్కచోటే ఉంది. నేను సెలవు మీద వచ్చిన ఒక ఏడు, మన పక్క ఊరి స్టేజీ దగ్గర సరిహద్దులో చనిపోయిన ఒక జవానుకు స్మారకం కట్టారు. ఊరంతా చందాలిచ్చింది గానీ, రాయి మీద ఏం రాయాలని ఆ తల్లిని మాత్రం ఎవరూ అడగలేదు. ప్రారంభం నాడు తీసుకొచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టారు. నల్లరాయి మీద పెద్ద అక్షరాలన్నీ చందాలిచ్చినవారివీ, వచ్చిన నాయకులవీ. పిల్లవాడి పేరు అడుగున, అదీ ఇంటిపేరు తప్పుగా పడింది. సభ ముగిశాక చదువురాని ఆ తల్లి రాయి దగ్గరకు పోయి, పై వరుస నుంచి ఒక్కొక్క అక్షరాన్నీ వేలితో తడుముతూ, "ఇండ్ల నా కొడుకు యాడున్నడు?" అని అడిగింది. ఎవరికీ నోరు పెగల్లేదు. రాయి మార్పించాలని చిన్నకొడుకు తిరిగితే పైసలు అయిపోయాయన్నారు. ఆమె ఆ స్టేజీలో బస్సెక్కడం మానేసి, పొలాల గట్ల వెంట నడిచి తర్వాతి స్టేజీకి పోయేది.

అందుకే చెబుతున్నాను, ముందు కర్నల్ గారి ఇంటివారిని అడగండి. ఇద్దరే వెళ్లండి, కెమెరాలు వద్దు, ఏ పార్టీ వారినీ వెంటపెట్టుకోవద్దు. వారు వద్దంటే అక్కడే ఆపండి, రెండోసారి అడిగి వారిని బాధపెట్టకండి. సరేనంటే పేరు ఎలా రాయాలో, ఇంటిపేరు ఉండాలో వద్దో వారి చేతనే రాయించుకోండి. ట్యాంకర్ల వంటి వాణిజ్య నౌకల ముక్కు పక్కన అక్షరాల అంచులను మేము వెల్డింగుతో గీస్తాము, ఆ గీతల లోపల పెయింటరు రంగు నింపుతాడు. ఉప్పునీటికి రంగు పోయినా అక్షరం పోదు. తప్పు పడితే గ్రైండరు పట్టాలి, ఎంత నున్నగా రుద్దినా చేతికి మచ్చ తగులుతూనే ఉంటుంది.

విమానవాహక నౌక విక్రాంత్‌కు 2009లో కీల్, అంటే ఓడ అడుగున వెన్నెముకలాంటి భాగం, వేస్తే 2022లో నౌకాదళంలో చేరింది. మీ కోరిక ఫలించడానికీ ఏళ్లు పట్టవచ్చు; ఉద్యోగాలూ పెళ్లిళ్లూ వచ్చాక దీన్ని మధ్యలో వదిలేస్తారేమోనని నాకు దిగులుగా ఉంది బిడ్డా. వదిలేసేటట్టయితే ఆ ఇంటి గడప ఇప్పుడే తొక్కకండి.

మరొక మాట. ఓడకూ ఆయుష్షు ఉంటుంది, చివరికి ముక్కలు చేసి తుక్కుకు అమ్ముతారు. ఆ ఓడ సేవ ముగిశాక ఈ పేరు తర్వాతి ఓడకు దక్కాలని వినతిపత్రంలోనే రాయండి. ఆ ఇంటికి వెళ్లి వచ్చాకే ముసాయిదా పట్టుకొని నా దగ్గరకు రా, అక్షరం అక్షరం చూసి ఇస్తాను.

నీ పెద్దనాయన