తుపాను పుట్టకముందే మొదలుపెట్టు: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. తుపాను తీరం దాటే ఘట్టం కళ్లకు కట్టింది. నాకు మింగుడుపడనిది నీ మొదటి వాక్యమే: ‘ఉన్నట్టుండి సముద్రం మీద తుపాను పుట్టింది.’ ఏ తుపానూ ఉన్నట్టుండి పుట్టదు. ఆ ఒక్క మాటతో అసలు కథ పాఠకుడికి దక్కకుండా పోయింది.

వాతావరణంలో చిన్న చిన్న అలజడులు నిత్యం పుడుతూనే ఉంటాయి. చాలావరకు ఎవరి కంటా పడకుండానే అణగిపోతాయి. ఆహారం దొరికినదే పెరుగుతుంది. ఆ ఆహారం ఎక్కడిదో ముందు వెతుకు.

ఉరుముల మేఘాన్నే తీసుకో. పైకి లేచే గాలి, అందులోని ఆవిరి ఇంకా నీరుగా మారనంతవరకు, కిలోమీటరుకు దాదాపు 10 డిగ్రీలు చల్లబడుతుంది. చుట్టూ ఉన్న గాలికంటే చల్లనైతే బరువెక్కి కిందికి దిగుతుంది. కథ అక్కడితో సరి. కానీ అందులోని ఆవిరి నీటిబొట్లుగా మారడం మొదలైతే, ఒక్కో గ్రాము ఆవిరి సుమారు 600 కెలోరీల వేడిని విడిచిపెడుతుంది. దాంతో చల్లబడటం నెమ్మదిస్తుంది, గాలి ఇంకా ఎగబాకుతుంది. ‘గుప్తోష్ణం’ అని రాసి ముందుకు సాగిపోకు. నీరు ఆవిరైన రోజున ఎండ దాచిపెట్టిన వేడే అదని చెప్పు.

తుపాను తినేదీ ఆ వేడినే. సముద్రపు పైపొర 26, 27 డిగ్రీలకు తగ్గకుండా ఉండాలి, గాలి సుడి తిరగడానికి భూభ్రమణం తోడవ్వాలి. భూమధ్యరేఖకు మరీ దగ్గరలో తుపాన్లు దాదాపు పుట్టకపోవడానికి కారణం ఈ రెండోదే. పీడనం తగ్గేకొద్దీ గాలి ఉద్ధృతమవుతుంది, గాలి పెరిగేకొద్దీ సముద్రం నుంచి మరింత ఆవిరి అందుతుంది. అల్పపీడనం వాయుగుండంగా, వాయుగుండం తుపానుగా మారడమంటే ఇదే.

సమశీతోష్ణ మండలాల్లో మాత్రం ప్రధానమైన ఆహారం వేరు: ధ్రువాల చలికీ ఉష్ణమండలపు వేడికీ మధ్య ఉన్న తేడా. వెచ్చని గాలి ధ్రువం వైపు జరుగుతూ పైకి లేస్తుంది, చల్లని గాలి భూమధ్యరేఖ వైపు జారుతూ కిందికి దిగుతుంది. బరువైనది దిగి తేలికైనది లేచినప్పుడు విడుదలయ్యే శక్తే, గాలి ప్రవాహంలో వేల కిలోమీటర్ల పొడవున్న అలలను పెంచుతుంది. వాతావరణ శాస్త్రవేత్తలు జూల్ చార్నీ 1947లో, ఎరిక్ ఈడీ 1949లో ఎవరి దారిన వారు దీన్ని గణితంతో నిరూపించారు. ఎంత పొడవున్న అల అన్నిటికంటే వేగంగా పెరుగుతుందో కూడా ఈడీ లెక్క చెబుతుంది. నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరించే ఫలితమది.

నువ్వు అసలు తాకనిది ఇంకొకటి ఉంది. ఎత్తుకు పోయేకొద్దీ గాలి వేగం, దిశ మారిపోతుంటాయి. ఆ మార్పు బలంగా ఉంటే ఎదుగుతున్న తుపాను నిలువునా ఒరిగి చెదిరిపోతుంది. అదే మార్పు ఉరుముల మేఘానికి ప్రాణం పోస్తుంది. మామూలుగా ఆ మేఘం గంటలోపే ఆరిపోతుంది, ఎందుకంటే దాని వానే దాన్ని నిలబెట్టిన గాలిని కిందికి తోసేస్తుంది. గాలి మారితే వాన పక్కకు పడుతుంది, మేఘం గంటల తరబడి బతుకుతుంది. ఇక సమశీతోష్ణ మండలంలో, ఎత్తుతో పెరిగే పడమటి గాలి కింద ఉన్న వేడి, చలి తేడాకు నేరుగా గుర్తు. ఒకే గాలి ఒకచోట విషం, ఒకచోట ఊపిరి, మరోచోట ఆనవాలు. దీనికి ఒక పేజీ కేటాయించు.

సీతాకోకచిలుక రెక్కల పోలిక తీసేయమని నా మనవి. 1961లో వాతావరణ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ కంప్యూటర్‌లో తన వాతావరణపు లెక్కను రెండోసారి నడుపుతూ 0.506127 బదులు 0.506 ఇచ్చినప్పుడు, ఆ చిన్న తేడా పెరిగి పెరిగి రెండు లెక్కల్లోని వాతావరణాలకూ పోలికే లేకుండా చేసింది. తేడా విత్తనం మాత్రమే, పెంచిన శక్తి ఆ వ్యవస్థలోనిదే. ‘రెక్కల ఊపు తుపానై పెరిగింది’ అన్న నీ వాక్యంలో ఈ రెండూ కలగాపులగమయ్యాయి.

తిరగరాసేటప్పుడు, పెరగకుండా పోయిన అలజడి ఒకదాన్ని కూడా వ్యాసంలోకి తీసుకురా: పొడిగాలి చొరబడి మేఘాలు విడిపోయినదో, చల్లని నీటి మీదికి వెళ్లి నీరసించినదో. ఆ భాగం ముందుగా నాకు పంపు.

నీ శ్రేయోభిలాషి