బ్రేకు వేసిన బండి ఎంత దూరం పోతుంది? మనవడికి తాతయ్య లేఖ

చిరంజీవి మనవడికి తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నిన్న నీవు ఫోనులో చెప్పిన లెక్కను రాత్రి కాగితం మీద వేసి చూశాను. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారుకు బ్రేకు వేయగా, ప్రతి సెకనుకూ దాని వేగం సెకనుకు 4 మీటర్ల చొప్పున తగ్గుతూ ఉంటే, 8 సెకన్లలో అది పోయే దూరమెంత అన్నది ప్రశ్న. నీకు 32 మీటర్లు వచ్చిందనీ, పుస్తకం వెనక 50 అని ఉన్నది అచ్చుతప్పేమోననీ అన్నావు. అచ్చుతప్పు కాదు నాయనా. నేనూ ఇంటర్ చదివే రోజుల్లో పరీక్షలో ఇదే 32 వేసి, మార్కులు పోగొట్టుకుని, పేపరు దిద్దినవారే పొరబడ్డారని వారం రోజులు వాదించాను.

ఏకరీతి రుణత్వరణం, అంటే వేగం సెకను సెకనుకూ ఒకే చొప్పున తగ్గే లెక్క ఏది వచ్చినా, సూత్రం జోలికి పోకముందే ఆ వస్తువు ఎన్ని సెకన్లకు ఆగుతుందో చూసుకో. 72ను 5తో గుణించి 18తో భాగిస్తే సెకనుకు 20 మీటర్లు. సెకనుకు 4 చొప్పున తరిగే 20 సున్నా కావడానికి 5 సెకన్లు చాలు. తక్కిన 3 సెకన్లూ కారు రోడ్డు మీద కదలకుండా నిలిచే ఉంది. ఆ సంగతి ఎరగని సూత్రం, తొలి వేగాన్ని కాలంతో గుణించగా వచ్చిన 160లోంచి, త్వరణంలో సగాన్ని కాలవర్గంతో గుణించగా వచ్చిన 128ని తీసివేసి, ఆగిన చోటి నుంచి కారు 18 మీటర్లు వెనక్కి వచ్చినట్టు లెక్క కట్టింది. బ్రేకు బండిని ఆపుతుందే గాని వెనక్కి నెట్టదు కదా!

పైకి విసిరిన రాయి సంగతి వేరు, ఎందుకంటే అది ఆగిన తరువాత కూడా భూమి దాన్ని లాగుతూనే ఉంటుంది. గురుత్వ త్వరణం 10 అనుకుంటే, సెకనుకు 20 మీటర్ల వేగంతో విసిరిన రాయి 2 సెకన్లలో 20 మీటర్లు ఎక్కి, మూడో సెకనులో 5 మీటర్లు దిగుతుంది. అప్పుడు స్థానభ్రంశం, అంటే బయలుదేరిన చోటి నుంచి రాయి ఉన్న ఎడం 15, ప్రయాణించిన దూరం 25. అడిగింది ఏదో చదివి మరీ రాయి.

కారు లెక్కకు వేగం–కాలం గీత గీసుకో. 20 దగ్గర మొదలై 5 దగ్గర నేలను తాకే త్రిభుజం వస్తుంది. దాని వైశాల్యమే 50 మీటర్లు. దాన్ని సెకనుకొక ముక్కగా కోస్తే 18, 14, 10, 6, 2 వస్తాయి. చివరి నుంచి వెనక్కి చదువు: 2కు 1, 3, 5, 7, 9 రెట్లు. 1638లో అచ్చయిన గ్రంథంలో గెలీలియో, పడే వస్తువులకు చెప్పిన బేసి సంఖ్యల వరుసే ఇది. నాకు యాభై ఏళ్లుగా ఇది ముచ్చటగానే ఉంది. చివరి సెకనులో పోయిన దూరం అడిగితే త్వరణంలో సగం వేసి ఊరుకోవచ్చు, ఆగడానికి కనీసం ఒక సెకను పట్టి ఉంటే చాలు.

ఆ త్రిభుజంలోనే ఇంకొకటి ఉంది. వేగం సగమయ్యేసరికి మొత్తం దూరంలో ముప్పాతిక అయిపోతుంది. చెక్కలో 3 సెంటీమీటర్లు దిగేసరికి తుపాకీ గుండు వేగం సగమైతే ఇంకెంత దూరం పోతుందన్న పాత ప్రశ్నకు, కలం కదపకుండానే 1 సెంటీమీటరు అని చెప్పవచ్చు.

ఇక అదే కారుకు, అదే బ్రేకుకు, వేగం గంటకు 108 కిలోమీటర్లు చేసి 10 సెకన్లలో పోయే దూరం కట్టి, త్రిభుజంతో సహా నాకు పంపు.

ఇట్లు,
తాతయ్య